భాగాహారం చేయకుండా శేషం తీయడం ఎలా?

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు రెండేళ్లు నేనే రాశాను. ఒక నెలాఖరున చూసుకుంటే పుస్తకం ప్రకారం ఉండాల్సిన దానికంటే చేతిలో 270 రూపాయలు ఎక్కువున్నాయి. తక్కువైతే పర్సులోంచి వేసి నోరు మూసుకోవచ్చు. ఎక్కువైతేనే టెన్షన్, ఆ డబ్బు ఎవరిదో తేలాలి కదా! రాత్రి పదకొండింటి దాకా రసీదులు తిరగేసినా దొరకలేదు. పొద్దున్నే పై అంతస్తు బాబాయిగారికి చెప్పాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, "270 తొమ్మిదితో పోతుందా?" అన్నారు. పోతుంది, ముప్ఫైసార్లు. "అయితే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారు రాశావమ్మా. వందల అంకె పదుల అంకె కంటే మూడు ఎక్కువున్న ఖర్చులు మాత్రం చూడు" అన్నారు. అలాంటివి నాలుగే ఉన్నాయి. మూడోది నీళ్ల ట్యాంకర్ బిల్లు. రసీదులో 4,580, పుస్తకంలో 4,850.

ఆయన చేసినదాంట్లో మాయ లేదు. ఒక సంఖ్యను 9తో భాగిస్తే ఏం మిగులుతుందో భాగాహారం చేయకుండానే చెప్పొచ్చు, అంతే. 9కే కాదు, 7కీ 11కీ 13కీ 37కీ కూడా చెప్పొచ్చు. ఇంటర్నెట్‌లో ఒక్కో సంఖ్యకీ ఒక్కో చిట్కా చొప్పున ఇరవై చిట్కాలు బట్టీ పట్టిస్తుంటారు. నన్నడిగితే అది దండగ పని. సూత్రం ఎలా పుడుతుందో తెలిస్తే కావలసిన సంఖ్యకి కావలసినప్పుడు మీరే తయారు చేసుకోవచ్చు. కాగితం, పెన్ను తెచ్చుకోండి.

మొదటి మెట్టు: 9తో మొదలుపెట్టండి

తొమ్మిదేసి లడ్డూలు పట్టే డబ్బాలు ఉన్నాయనుకుందాం. పది లడ్డూలు తెస్తే ఒక డబ్బా నిండి ఒకటి మిగులుతుంది. వంద తెస్తే 11 డబ్బాలు నిండి ఒకటి మిగులుతుంది. వెయ్యికి 111 డబ్బాలు, మళ్లీ ఒకటే మిగులు. అంటే 9 దగ్గర పదికైనా వెయ్యికైనా లక్షకైనా మిగిలేది ఒక్కటే.

ఇప్పుడు 5,832 తీసుకోండి. ఇందులో ఐదు వేలున్నాయి కాబట్టి ఐదు మిగులుతాయి. ఎనిమిది వందలకి ఎనిమిది, మూడు పదులకి మూడు, చివర రెండు. అన్నీ కలిపితే 18. పద్దెనిమిది రెండు డబ్బాల్లో సరిగ్గా సరిపోతాయి, శేషం సున్నా. బడిలో "అంకెల మొత్తం 9తో భాగించబడితే ఆ సంఖ్య కూడా భాగించబడుతుంది" అని చెప్పి వదిలేసేది దీన్నే. ఎందుకు అని అడిగితే నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. డబ్బా లెక్క అయితే ఐదో తరగతి పిల్లకి కూడా ఎక్కుతుంది.

బాబాయిగారి కిటుకు కూడా ఇందులోదే. అంకెలు చోటు మారినా వాటి మొత్తం మారదు, కాబట్టి 9 దగ్గర శేషమూ మారదు. శేషాలు ఒకటే అయిన రెండు సంఖ్యల తేడా తప్పకుండా 9 గుణిజం అవుతుంది. పదుల, వందల అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 90 × (ఆ రెండు అంకెల తేడా). 270ని 90తో భాగిస్తే 3, అందుకే "మూడు ఎక్కువున్నవి" అన్నారు. ఒకట్లు, పదులు తారుమారైతే 9తో భాగించి చూడండి. లెక్క కలవనప్పుడు తేడాను ముందు 9తో చూడటం పాత గుమాస్తాల అలవాటు. సున్నా జారినా ఇదే జరుగుతుంది. 450 బదులు 4,500 రాస్తే తేడా 4,050, దాన్ని 9తో భాగిస్తే అసలు సంఖ్య 450 బయటపడుతుంది. తేడా 9తో పోకపోతే దాన్ని సగం చేసి, ఆ సగం ఎక్కడైనా ఉందేమో వెతకండి. జమలో రాయాల్సింది ఖర్చులో పడితే తేడా రెట్టింపవుతుంది మరి.

రెండో మెట్టు: గుణకారం సరిచూసుకోండి

4,376 × 296 చేశారు, 12,95,296 వచ్చింది. సరైనదేనా? 4,376 అంకెల మొత్తం 20, దాన్ని మళ్లీ కలిపితే 2. 296కి 17, మళ్లీ కలిపితే 8. 2 × 8 = 16, అంటే 7. జవాబు అంకెలు కలపండి: 1+2+9+5+2+9+6 = 34, అంటే 7. సరిపోయింది. అంకెలు కలిపేటప్పుడు 9 కనిపిస్తే లెక్కపెట్టకుండా కొట్టేయండి, పని తొందరగా అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సరిపోకపోతే జవాబు కచ్చితంగా తప్పు. సరిపోతే కచ్చితంగా ఒప్పని మాత్రం కాదు. జవాబును పొరపాటున 12,59,296 అని రాశారనుకోండి. అంకెలు అవే కాబట్టి 9 దాన్ని పట్టుకోలేదు. తేడా ఎంతో ముందే తెలియకపోతే మా ట్యాంకర్ బిల్లు లాంటి తప్పులకి 9 గుడ్డిది. వాటికి 11 కావాలి.

మూడో మెట్టు: 11ని కూడా తోడు పెట్టుకోండి

పదకొండేసి పట్టే డబ్బాలో పది లడ్డూలు పెడితే ఒకటి తక్కువవుతుంది. ఈ "ఒకటి తక్కువ"ను −1 అని రాసుకుందాం. వందకి 9 డబ్బాలు నిండి ఒకటి మిగులుతుంది, +1. వెయ్యికి 91 డబ్బాలు కావాలి, ఒకటి తక్కువవుతుంది, −1. ఇలా +1, −1, +1, −1 అంటూ సాగుతుంది. అంటే కుడి చివరి అంకె నుంచి మొదలుపెట్టి ఒకటి కలిపి, ఒకటి తీసేస్తూ ఎడమకి వెళ్లడమే.

పై గుణకారాన్నే చూద్దాం. 4,376: 6−7+3−4 = −2. 296: 6−9+2 = −1. వాటి గుణకారం 2. జవాబు 12,95,296: 6−9+2−5+9−2+1 = 2. కలిసింది. తారుమారు చేసిన 12,59,296కి 6−9+2−9+5−2+1 = −6 వస్తుంది. దొరికిపోయింది. పక్కపక్క అంకెలు చోటు మారితే కలపాల్సింది తీసివేతలో, తీయాల్సింది కూడికలో పడతాయి, అందుకే 11 వదలదు. నేను 9, 11 రెండూ చూస్తాను. కలిపి అర నిమిషం కూడా పట్టదు, రెండింటినీ దాటుకుని తప్పు మిగలడం చాలా అరుదు.

నాలుగో మెట్టు: ఏ సంఖ్యకైనా సూత్రం తయారు చేసుకోండి

అసలు పని ఇక్కడుంది. పైన 9కీ 11కీ చేసిందేమిటి? 1, 10, 100, 1000 ఒక్కోదానికీ ఎంత మిగులుతుందో చూసి, వాటిని వరుసగా రాసుకున్నాం. 7కి కూడా అదే చేయండి. 1కి శేషం 1. 10కి 3. వందని భాగించక్కర్లేదు, ముందు వచ్చిన శేషాన్ని పదితో హెచ్చవేస్తే చాలు. 3 పదులు 30, అందులో 28 పోతే 2. 2 పదులు 20, అందులో 14 పోతే 6. 60లో 56 పోతే 4. 40లో 35 పోతే 5. 50లో 49 పోతే 1. ఒకటి తిరిగొచ్చింది కాబట్టి ఇక్కడినుంచి వరుస మళ్లీ మొదటికొస్తుంది.

వరుస: 1, 3, 2, 6, 4, 5. ఇందులో 6 మిగలడమన్నా 1 తక్కువవడమన్నా ఒకటే. అలాగే 4 అంటే 3 తక్కువ, 5 అంటే 2 తక్కువ. కాబట్టి 1, 3, 2, −1, −3, −2 అని రాసుకోండి, చిన్న అంకెలతో పని తేలిక. ఇక ఏ సంఖ్యనైనా కుడి నుంచి అంకె అంకెకీ ఈ వరుసతో హెచ్చవేసి కలపడమే.

రామానుజన్ టాక్సీ నంబర్ 1729 మీద చూద్దాం. అది రెండు రకాలుగా రెండు ఘనాల మొత్తమని (1³ + 12³, 9³ + 10³) అందరికీ తెలుసు, 7తో పోతుందని మాత్రం ఎక్కువమంది గమనించరు. 9×1 + 2×3 + 7×2 − 1×1 = 9+6+14−1 = 28. పోతుంది. 1729 = 7 × 13 × 19.

ఈ 1, 3, 2, 6, 4, 5ను మీరు ఎక్కడో చూసే ఉంటారు. 1ని 7తో భాగిస్తూ దశాంశాలు రాసుకుంటూ పోతే ప్రతి మెట్టులో మిగిలేవి ఇవే. భాగఫలంలో 0.142857 142857 అని ఆరేసి అంకెలు తిరగడానికి కారణం ఈ వరుస ఆరు మెట్లలో తిరిగిరావడమే. 142857ను 2తో, 3తో, 6 దాకా హెచ్చవేసి చూడండి. అవే ఆరు అంకెలు అదే క్రమంలో, మొదలయ్యే చోటు మాత్రం మారుతూ వస్తాయి.

13కి వరుస మీరే వేయండి. 1, −3, −4, −1, 3, 4 వస్తే సరిగ్గా వేసినట్టే. 37కి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1కి 1, 10కి 10, 100కి 26, 1000కి మళ్లీ 1. మూడే మెట్లు. కాబట్టి 37 దగ్గర సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కలిపేస్తే చాలు.

ఐదో మెట్టు: 7, 11, 13 మూడింటికీ ఒకే దెబ్బ

7 వరుసలో నాలుగోది −1, 13 వరుసలోనూ నాలుగోది −1, 11లోనూ అంతే. అంటే 1000 దగ్గర మూడూ ఒక్కటి తక్కువ. మరోలా చెప్పాలంటే 1001 మూడింటితోనూ పోతుంది: 7 × 11 × 13 = 1001. దీన్ని వాడుకుని పెద్ద సంఖ్యను మూడంకెల సంఖ్యగా కుదించవచ్చు.

1. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి.
2. కుడి చివరి ముక్కలోంచి పక్క ముక్కను తీసేయండి, తర్వాతిది కలపండి, ఆ తర్వాతిది తీసేయండి.
3. మిగిలిన చిన్న సంఖ్యను 7తో, 11తో, 13తో చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. మన కామాలు లక్షలు, కోట్లకి పెట్టినవి, మొదట మూడంకెలు, తర్వాత రెండేసి. ఈ లెక్కకి అవి పనికిరావు. 5,83,21,746 అని రాసి ఉంటే కామాలు చెరిపేసి 58 | 321 | 746 అని గీతలు గీసుకోండి. నేను మొదటిసారి కామాలనే నమ్ముకుని తప్పు చేశాను. 746 − 321 + 58 = 483. ఇది 7 × 69 కాబట్టి అసలు సంఖ్య 7తో పోతుంది. 11 దగ్గర 10 మిగులుతుంది, 13 దగ్గర 2 మిగులుతుంది.

పిల్లలున్న ఇంట్లో ఇది ఆటగా బాగుంటుంది. ఏదైనా మూడంకెల సంఖ్యను పక్కపక్కన రెండుసార్లు రాయమనండి, 374374 లాగా. దాన్ని 7తో, వచ్చినదాన్ని 11తో, వచ్చినదాన్ని 13తో భాగించమనండి. వాళ్లు అనుకున్న 374 తిరిగొస్తుంది. రెండుసార్లు రాయడమంటే 1001తో హెచ్చవేయడమే. మా చెల్లెలి కొడుకు ఈ గుట్టు నాలుగో ఆటకే పట్టేశాడు. "నువ్వే హెచ్చవేయించి నువ్వే భాగించమంటున్నావు పెద్దమ్మా, ఇదేం ఆట" అన్నాడు.

పెద్దవాళ్లకి ఇంకొక ముచ్చట. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. అందులో గుణకారం లెక్కలు కొన్ని భలే ఉంటాయి. జవాబు అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా వస్తుంది, వాటిని మహావీరాచార్యుడు కంఠాభరణాలతో పోల్చాడు. 139 × 109 = 15151. 152207 × 73 = 11111111. 142857143 × 7 = 1000000001. చివరిదాన్ని ఇప్పుడు మీరు వివరించగలరు. వెయ్యి 7 దగ్గర −1. వెయ్యిని మూడుసార్లు హెచ్చవేస్తే వంద కోట్లు, (−1)ని మూడుసార్లు హెచ్చవేసినా −1. దానికి ఒకటి కలిపితే సున్నా, కాబట్టి 7తో పోతుంది.

ఆరో మెట్టు: తేదీకి వారం చెప్పండి

వారానికి ఏడు రోజులు కాబట్టి ఇదీ 7 దగ్గర శేషమే. మామూలు ఏడాదికి 365 రోజులు, శేషం 1. మధ్యలో ఫిబ్రవరి 29 వచ్చిన ప్రతిసారీ ఇంకొకటి. 31 రోజుల నెలకి 3, 30 రోజుల నెలకి 2, 28 రోజుల ఫిబ్రవరికి 0.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబరు 1 గురువారం. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 ఏ వారం? 1956 నవంబరు 1 నుంచి 2013 నవంబరు 1కి 57 ఏళ్లు. మధ్యలో 1960 నుంచి 2012 దాకా 14 లీపు సంవత్సరాలు. మొత్తం 71, 7తో భాగిస్తే శేషం 1. గురువారానికి ఒకటి కలిపితే శుక్రవారం. ఇక నవంబరు నుంచి మే దాకా నెలల శేషాలు: 2+3+3+0+3+2+3 = 16. జూన్ 1 నుంచి 2కి ఇంకొకటి, మొత్తం 17, శేషం 3. శుక్రవారానికి మూడు కలిపితే సోమవారం. పాత క్యాలెండర్ ఉంటే చూసుకోండి.

ఏడో మెట్టు: కార్డు నంబర్ చివరి అంకె

డెబిట్ కార్డు నంబర్‌లో ఒక అంకె తప్పు కొడితే సైటు వెంటనే తప్పని చెప్పేస్తుంది. బ్యాంకును అడిగి కాదు, చివరి అంకె చూసి. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన పద్ధతి ఇది. కుడి నుంచి ఒక అంకె వదిలి ఒక అంకెను రెట్టింపు చేయాలి. రెట్టింపు 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి. మొత్తం కలిపితే 10 గుణిజం రావాలి.

చిన్న నంబర్‌తో చూద్దాం: 5207 413 తర్వాత ఏ అంకె రావాలి? కుడి నుంచి 3 రెట్టింపైతే 6, 1 అలాగే 1, 4కి 8, 7 అలాగే, 0కి 0, 2 అలాగే, 5కి 10, అందులో 9 పోతే 1. మొత్తం 25. 30 కావాలంటే ఇంకో 5. కాబట్టి 5207 4135. ఇందులో 41 బదులు 14 కొట్టినా, 13 బదులు 31 కొట్టినా పట్టుబడుతుంది. పట్టుబడని జంట ఒక్కటే, 09ని 90 అని రాయడం. మీ కార్డు మీద ఈ లెక్క చేయాలనిపిస్తే కాగితం మీద చేసి చింపేయండి. నంబర్ సరైనదో కాదో చెబుతామనే సైట్లలో మాత్రం కొట్టకండి.

ఆధార్ పన్నెండో అంకె ఈ పద్ధతిలో రాదు. దానికి వర్హోఫ్ అనే డచ్ గణితవేత్త పద్ధతి వాడతారు, పట్టిక లేకుండా చేతితో చేయడం చిరాకు. అది 09, 90ని కూడా వదలదు.

వరుస మరీ పొడుగైతే

17కి శేషాల వరుస వేస్తే 16 అంకెల తర్వాత గానీ ఒకటి తిరిగిరాదు, 19కి 18. అంత వరుస రాసుకునే బదులు భాగాహారం చేయడమే నయం. అలాంటి చోట ఇంకో దారి ఉంది. శేషం ఎంతో చెప్పదు, పోతుందా లేదా అన్నది మాత్రం చెబుతుంది. 10ని ఎంతతో హెచ్చవేస్తే ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో వస్తుందో చూడండి. 19కి రెండు పదులు 20, ఒకటి ఎక్కువ. కాబట్టి చివరి అంకెను 2తో హెచ్చవేసి మిగతా సంఖ్యకి కలపండి. 1729: 172 + 18 = 190. మళ్లీ: 19 + 0 = 19. పోతుంది. 17కి ఐదు పదులు 50, అది 51కి ఒకటి తక్కువ. కాబట్టి చివరి అంకెను 5తో హెచ్చవేసి తీసేయాలి. 23కి ఏడు పదులు 70, అది 69కి ఒకటి ఎక్కువ, కాబట్టి 7తో హెచ్చవేసి కలపాలి. 2001: 200 + 7 = 207. మళ్లీ: 20 + 49 = 69. పోయింది. 29, 31 మీకే వదిలేస్తున్నా.